కంప్యూటర్ నిదానమైతే కొత్తది కొనాలా?

(విద్యార్థి వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల నుండి వచ్చిన తల్లిదండ్రులు నన్ను తరచూ ఒక మాట అడుగుతుంటారు. “సార్, ఇంట్లో ఉన్నది పాత కంప్యూటర్. ఆన్ చేస్తే ఎంతసేపటికీ కదలదు. స్కాలర్‌షిప్ అర్జీ చివరి రోజున పిల్లవాడు సైబర్ సెంటరుకు పరుగెత్తాడు. కొత్తది కొనమంటారా?” కొనే ముందు ఒక అరగంట వెచ్చించమని నా మనవి.

మన రైతులకు తెలిసిన సంగతే చెబుతాను. త్రీఫేజ్ కరెంటు రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీది బోరు మోటార్లన్నీ ఆటో స్టార్టర్లతో ఒక్కసారిగా లేస్తే ఏమవుతుంది? వోల్టేజి పడిపోతుంది, ఏ మోటారూ సరిగా నీళ్ళు ఎత్తదు. కంప్యూటర్‌లోనూ అంతే. మనం పిలవకుండానే లేచే ప్రోగ్రాములు అందులో రెండు రకాలు. స్టార్టప్ యాప్‌లు మనం లాగిన్ అయ్యాక మొదలవుతాయి. సర్వీసులు అంతకు ముందే తెరవెనుక పని మొదలుపెట్టగలవు.

మొదట యాప్‌ల సంగతి చూడండి. విండోస్ 10, 11లలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ పట్టిక ఉంటుంది. పాటలు, ఆటలు, వీడియో కాల్ యాప్‌లను డిసేబుల్ చేయండి. అవి చెరిగిపోవు, కావలసినప్పుడు మనమే తెరుచుకోవచ్చు.

సర్వీసుల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి ‘ఎంఎస్‌కాన్ఫిగ్’ అని ఇంగ్లీషులో టైప్ చేయండి. సర్వీసెస్ పుటలో మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచే గడికి టిక్కు పెడితే, బయటి సాఫ్ట్‌వేర్లవి మాత్రమే మిగులుతాయి. వాటిలో ఎప్పుడో తెచ్చిన, ఇప్పుడు వాడని ప్రింటరు తాలూకు సర్వీసులు కనిపించవచ్చు. యాంటీవైరస్‌ను ముట్టుకోవద్దు. పేరు తెలియనిదాన్ని ఊహతో ఆపవద్దు. ఆపే ముందు దాని పేరు నోటు పుస్తకంలో రాసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చి, రీస్టార్ట్ చేసి చూడండి. ఇబ్బంది వస్తే మళ్ళీ టిక్కు పెట్టండి. పూర్తిగా ఆపనక్కరలేని వాటికి సర్వీసెస్ కిటికీలో ‘మాన్యువల్’, ‘డిలేడ్ స్టార్ట్’ అనే పద్ధతులున్నాయి. మొదటిది అవసరమైనప్పుడే లేస్తుంది. రెండవది స్టార్టరుకు టైమర్ పెట్టినట్టు కాస్త ఆగి లేస్తుంది.

దీనితో అన్నీ నయమవుతాయని చెప్పను. ర్యామ్ చాలకపోయినా, హార్డ్ డిస్క్ అరిగినా ఖర్చు తప్పదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 పట్టని యంత్రానికి ఉచితంగా దొరికే లినక్స్ ఒక దారి.

విద్యార్థులారా! యంత్రం లోపల ఏం జరుగుతోందో చూసి, రాసుకొని, ఒక్కొక్కటిగా సరిచేయడం కూడా చదువే. తల్లిదండ్రులారా! ఈ ఆదివారం పిల్లల పక్కన కూర్చొని వారి చేతనే ఈ పని చేయించండి. కంప్యూటర్‌కు పెట్టబోయిన డబ్బు మిగిలితే హాస్టలు ఫీజుకు అక్కరకు వస్తుంది.