అద్దం మీద తడి ఏ వైపున?



కరువు భత్యం గురించి కార్యదర్శిగారు చెబుతారు. ముప్పై యేళ్లు ఆఫీసు జీపు నడిపినవాణ్ణి గనుక నేను కారు అద్దాల గురించి చెబుతాను. ఇప్పుడు పిల్లలందరికీ కార్లున్నాయి, పక్కసీట్లో కూర్చునేది మనమే కదా!

1988 జనవరిలో, సంక్రాంతి ముందు, తెల్లవారుజామున ఒంగోలు నుంచి గుంటూరు వస్తున్నాం. జీపులో ఆరుగురం. చలికి రెక్సిన్ పరదాలన్నీ బిగించేశారు. మార్టూరు దాటేసరికి ముందద్దం తెల్లబడిపోయింది. తుడిస్తే నిమిషంలో మళ్లీ అంతే. ఒకచేత్తో స్టీరింగు, ఒకచేత్తో గుడ్డ. గుడ్డ జారిపడితే వంగాను. తలెత్తేసరికి ముందు పత్తి బస్తాల ఎడ్లబండి, వెనక లాంతరు లేదు. బ్రేకు తొక్కితే జానెడు దూరంలో ఆగాం. బండిమీది మనిషి నిద్రయినా లేవలేదు. నాకు మాత్రం చిలకలూరిపేటలో టీ గ్లాసు చేతిలో నిలవలేదు.

అక్కడి షెడ్డులో ముసలి మేస్త్రీ ఒకాయన, "వేలుపెట్టి చూడు అబ్బాయ్, తడి లోపలా, బయటా?" అన్నాడు. అసలు విద్య అదే.

చలికాలంలో, వానలో అద్దం చల్లబడుతుంది. మన ఊపిరిలోని తేమ లోపలివైపు పడుతుంది. తడి గొడుగులు, తడిసిన పట్టాలు దానికి తోడు. అప్పుడు ఏ.సి. వేసి గాలిని అద్దం మీదికి తిప్పాలి. చలికి ఏ.సి. ఏమిటండీ అంటారు. అది గాలిలో తేమను లాగేస్తుంది, చలిగా ఉంటే దానితోపాటు వేడి కూడా పెట్టుకోవచ్చు. లోపలిగాలినే తిప్పే బొత్తాం మాత్రం తీసేయాలి. తేమ సంగతి మన రైతుకు కొత్త కాదు, పత్తిలో 12 శాతం దాటితే సి.సి.ఐ. కొనదుగా! ఏ.సి. లేని బండికి రెండువైపులా కిటికీలు రెండు వేళ్ల సందు దించితే చాలు.

శ్రావణమాసంలో కథ తిరగబడుతుంది. బయట ఉక్క, లోపల ఏ.సి. చలి. మంచినీళ్ల చెంబులో ఐసు వేస్తే బయట చెమర్చినట్టు అద్దం బయట చెమరుస్తుంది. మా అల్లుడుగారు లోపల తుడిచీ తుడిచీ, ఏ.సి. ఇంకా పెంచారు! వైపరు ఒకసారి వేసి, చలి తగ్గించి, గాలిని అద్దం మీంచి తప్పిస్తే సరిపోయింది.

పూర్వం మావాళ్లు వానలో సిగరెట్టు చించి పొగాకు అద్దానికి రుద్దేవారు. అది బయట నీరు పల్చగా జారడానికి. లోపల రుద్దితే మిగిలేది కంపే.

గుడ్డ పక్కసీటు వారి చేతిలో ఉండాలి, బండి నడిపేవారి చేతిలో కాదు. దారి కనబడకపోతే పక్కకు తీసి ఆపమనండి, అల్లుడైనా సరే మొహమాటపడకండి. సెలవు.