సంఘానికి లెక్కే కాపు
(ప్రసంగ పాఠం)



1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన తెలుగువారు, మలయాళీలు, బెంగాలీలు, పంజాబీలు స్థానిక ఛత్తీస్‌గఢ్ ప్రజలకు ఇరుగుపొరుగులైనారు. కొలిమి దగ్గర కలిసి పనిచేసినవారే పిల్లలకు మాతృభాష నేర్పుకోవడానికి, పండుగలు జరుపుకోవడానికి, ఆపదలో ఆదుకోవడానికి సంఘాలు స్థాపించుకున్నారు. తెలుగువారి ఆంధ్ర సాహిత్య సమితి అటువంటిదే.

సంఘం పెట్టుకునే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం పౌరులకు ప్రసాదించింది. అటువంటప్పుడు రిజిస్ట్రేషన్ దేనికి అన్న ప్రశ్న సహజం. కార్మికుడు తన జీతంలో నుంచి చందా ఇస్తాడు. ఆ సొమ్ముతో కట్టిన హాలు ఎవరిది? రిజిస్టరు కాని సంఘం ఆస్తి సాధారణంగా ఒకరిద్దరి పేర ఉంటుంది. వారు ఊరు విడిచినా, కన్నుమూసినా అది తగాదాలో పడుతుంది. రిజిస్ట్రేషన్ వల్ల ఆస్తి వ్యక్తులది కాక సంఘానిదవుతుంది.

1860 నాటి 21వ చట్టం ప్రకారం ఏడుగురు కూడి నియమావళిని దాఖలు చేస్తే చాలు. ఏటా కార్యవర్గం జాబితా పంపవలసి ఉన్నా, లెక్కలు సమర్పించాలన్న నిబంధన అందులో లేదు. ఈ లోటును మధ్యప్రదేశ్ 1973లో సొంత చట్టంతో పూరించింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినా ఆ చట్టమే అక్కడ కొనసాగింది. దాని ప్రకారం సంఘం ఏటా రిజిస్ట్రారుకు లెక్కలు సమర్పించాలి. సభ్యులలో మూడవ వంతు మంది కోరితే రిజిస్ట్రారు విచారణ జరపవచ్చు. పరిస్థితి విషమిస్తే కార్యవర్గాన్ని తొలగించి, పాలన వేరొకరికి అప్పగించే అధికారం కూడా ప్రభుత్వానికి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ 2001లో చేసిన చట్టం మరొక దారి పట్టింది. అక్కడ సంఘంలోని వివాదం మధ్యవర్తి వద్దకో, జిల్లా కోర్టుకో వెళ్ళవచ్చు.

విదేశీ విరాళాలపై నిఘా మరింత గట్టిది. 1976 చట్టం స్థానంలో 2010లో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణ ప్రకారం ఆ విరాళాలు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖకే చేరాలి.

ఈ అధికారాలకు రెండు వైపులా పదును ఉన్నది. చందా సొమ్ము స్వాహా చేసినవారిని పట్టుకొనేదీ ఈ చట్టమే. పంతం పట్టిన ఒక వర్గం ఎదుటివారిపై ఫిర్యాదు ఆయుధంగా వాడుకొనేదీ ఈ చట్టమే. డ్యూటీ ముగించుకొని వచ్చి చిట్టా రాసే కోశాధికారికి ఒక కాగితం ఆలస్యం కావడం నేరబుద్ధి కాదు. ఆ తేడాను గ్రహించడం అధికారి విజ్ఞత.

అయితే వార్షిక సర్వసభ్య సమావేశంలో కుర్చీలు ఖాళీగా ఉంటే ఏ రిజిస్ట్రారూ సంఘాన్ని కాపాడలేడు. రసీదు అడగడం అవమానించడం కాదు. చూపడం చిన్నతనమూ కాదు. తెలుగులో చర్చించిన లెక్కను హిందీలో దాఖలు చేయవలసి వచ్చినప్పుడు పొరుగింటి హిందీ ఉపాధ్యాయుని సాయం కోరవచ్చు. దాచవలసినది లేని సంఘానికి పొరుగువాడు పరాయివాడు కాడు. ఉక్కునగరంలో సమైక్యత అటువంటి తెరచిన పుస్తకాల మీదనే నిలుస్తుంది.