చిట్టా చెప్పేది, చెప్పనిది



2022 ఫిబ్రవరి 1న దాదాపు 94 వేల బిట్‌కాయిన్లు ఒకే చిరునామాకు చేరాయి. 2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్ ఎక్స్ఛేంజిలో చోరీ అయిన 1,19,756లో భాగమవి. దొంగలే కదిలించారన్న అనుమానాలు గుప్పుమన్నాయి. వారం తిరిగేసరికి అమెరికా న్యాయశాఖ అసలు సంగతి చెప్పింది: వాటిని స్వాధీనం చేసుకున్నది ప్రభుత్వమే. సంఖ్య సరైనదే, తేదీ సరైనదే, కర్తే తప్పు.

ఈరోజు పట్టాలందుకుంటున్న మీలో కొందరు వార్తలు రాస్తారు, కొందరు అలాంటి కదలికలను పసిగట్టే ప్రోగ్రాములు రాస్తారు. బిట్‌కాయిన్ లావాదేవీలు నమోదయ్యే చిట్టా, అంటే బ్లాక్‌చెయిన్, అందరికీ కనబడేదే కాబట్టి దాని మీద వచ్చే వార్తకు వేరే రుజువు అక్కర్లేదని చాలామంది నమ్మకం. ఆ చిట్టా చెప్పేది ఎంత, ఎప్పుడు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నంతవరకే. ఎవరు, ఎందుకు అన్నవి అందులో ఉండవు. ‘ఎంత’ కూడా అంత సూటి కాదు. ఒక విడతగా వచ్చిన వెయ్యి నాణేల్లోంచి రెండు పంపాలన్నా వెయ్యీ కదులుతాయి; రుసుము పోను మిగతావి సాధారణంగా పంపినవారి మరో చిరునామాకే తిరిగొస్తాయి. వంద నోటిచ్చి పది రూపాయల టీ తాగినవాడు వంద ఖర్చుపెట్టాడని రాస్తామా? 2014లో దివాలా తీసిన టోక్యో ఎక్స్ఛేంజి మౌంట్ గాక్స్ నాణేలు లక్షా నలభై వేల దాకా 2024 మే 28న కదిలితే, అమ్మకం మొదలైందన్న భయంతో ధర జారింది. అది రుణదాతలకు చెల్లింపుల ఏర్పాటు మాత్రమే; చెల్లింపులు జులైలో మొదలయ్యాయి.

విశ్లేషణ సంస్థలు చిరునామాలకు పేర్లు కడుతున్నాయి కదా అనవచ్చు. ఆ పేర్లలో చాలావాటికి ఆధారం ఒక ఊహ: ఒకే లావాదేవీలో కలిసి ఖర్చయిన చిరునామాలు ఒకరివేనన్నది. పలువురు తమ నాణేలను ఒకే లావాదేవీలో కలిపి పంపితే, అంటే కాయిన్‌జాయిన్ చేస్తే, అది చెల్లదు. ఊహ దండగ అనను, బిట్‌ఫినెక్స్ కేసులో దర్యాప్తుకు దారి చూపినవి ఇలాంటి జాడలే. కానీ ఆఖరి ముడి విప్పింది చిట్టా కాదు, వారంటుతో తెరిచిన క్లౌడ్ ఖాతాలో దొరికిన, ఆ నాణేలను కదిలించగల ప్రైవేటు కీల ఫైలు.

నిమిషాల్లో ధర మారేచోట ఇవన్నీ సరిచూసుకునేంత నిదానం కుదురుతుందా? లావాదేవీ ఐడీని చిట్టా ప్రతి ఉన్న సొంత కంప్యూటర్లో (నోడ్‌లో) చూసి, ఆరు ధ్రువీకరణలు వచ్చేదాకా ఆగడానికి సుమారు గంట చాలు. బదిలీ జరిగిందని అప్పుడే రాయండి. ఎవరిదో రాయాలంటే ఆ పేరుగలవారినే అడగండి, తమదేనంటే ఆ చిరునామా కీతో ఒక సందేశంపై సంతకం చేయమనండి. సంతకమైనా కీ ఎవరి చేతిలో ఉందో చెబుతుందే తప్ప, సొమ్ము ఎవరిదో చెప్పదు. బిట్‌ఫినెక్స్ నాణేల కీలు 2022 జనవరి దాకా దొంగ చేతిలోనే ఉన్నాయి. అడిగితే అతని సంతకమూ సరిపోయేది.