కంచం ముందు పడ్డ మాట

ఈ ధర్మనిధి ఎవరి పేరున ఉందో ఆ మాస్టారి పాండిత్యం గురించి చెప్పడానికి నాకన్నా అర్హులు ఈ సభలో ఉన్నారు. నాకు గుర్తున్నది ఒక్కటే. విద్యార్థులతో కలిసి భోజనానికి కూర్చుంటే ఆయన ఎవరి విస్తట్లోకీ చూసేవారు కాదు. ‘అంతేనా?’ అని గానీ, ‘ఇంకా తింటావా?’ అని గానీ ఆయన నోట వినలేదు. ఆ పంక్తిలో నేను నిమ్మళంగా తిన్నాను. ఆయన పేరున దక్కిన ఈ గౌరవాన్ని అందుకుంటూ, తిండి రుగ్మతలను చూసే మా వృత్తిలోని మిత్రులతో చాలాకాలంగా నాకున్న తగువును మీ ముందు పెడుతున్నాను.

బాల్యంలో పడ్డ బాధకూ పెద్దయ్యాక తిండితో వచ్చే ఇబ్బందులకూ సంబంధం ఉందన్నది పాత సంగతే. 1973లో హిల్డె బ్రూక్ రాసిన పుస్తకం, శాన్ డియాగో స్థూలకాయ క్లినిక్‌లో ఫెలిట్టి గమనించిన విషయాలు, వాటి నుంచి పుట్టి 1998లో అచ్చయిన, బాల్యపు చేదు అనుభవాల మీది ఏస్ అధ్యయనం పాఠాలకెక్కాయి. పట్టు తప్పి అతిగా తినే బింజ్ ఈటింగ్‌ను 2013లో మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం-5 విడి రుగ్మతగా గుర్తించింది. వీటితో ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా తిట్లను కూడా హింసగా లెక్కించే దగ్గరే. ‘హింస అంటే ఒంటిమీద చెయ్యి పడాలి, తిట్లు ఏ ఇంట్లో లేవు? తిట్లు తిన్నవాళ్ళు దెబ్బలూ తినే ఉంటారు, ఆ దెబ్బల ఫలితాన్నే మీరు తిట్ల ఖాతాలో రాస్తున్నారు’ అంటారు. దీనికి 1999లోనే జవాబు వచ్చింది. కెంట్, వాలర్, డాగ్నన్ కలిసి 236 మంది స్త్రీలను అడిగి, అన్ని రకాల హింసనూ ఒకే లెక్కలో పెట్టి చూశారు. పెద్దయ్యాక తిండి పట్ల ధోరణి చెడుతుందని సూచించగలిగింది తిట్లు కూడా చేరే మానసిక హింస ఒక్కటే. ఆ సంబంధం ఆందోళన మీదుగా, డిసోసియేషన్ మీదుగా నడుస్తోందని కూడా వాళ్ళే చూపించారు. 2016లో కాస్లిని బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూడగట్టి చూస్తే మానసిక హింసకు బులీమియాతోనూ బింజ్ ఈటింగ్‌తోనూ సంబంధం కనిపించింది. అనొరెక్సియా విషయం తేలలేదు. తేలనిచోట నేనూ పట్టుబట్టను.

డిసోసియేషన్ అంటే ఎలా ఉంటుందో నా దగ్గరికి వచ్చిన ఒకామె మాటల్లో వినాలి. అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యకుండా నిలబడి, గిన్నెలోంచే చేత్తో తింటుంది. ‘కంచంలో పెట్టుకుంటే ఎంత తిన్నానో తెలిసిపోతుంది సార్, ఆ కాసేపు నేను నాకు కనపడను’ అంది. చిన్నప్పుడు ఆమె రెండోసారి అన్నం పెట్టించుకున్నప్పుడల్లా నాయనమ్మ ఇంటిల్లిపాదీ వినేలా లెక్క చెప్పేదట. ఆమె మీద ఎవరూ ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. బింజ్ ఈటింగ్ అనేది తన గురించిన ఎరుక నుంచి పారిపోవడమని 1991లో హెదర్టన్, బామైస్టర్ ప్రతిపాదించారు. ఈమె వాళ్ళను చదవలేదు.

‘జ్ఞాపకాలను నమ్మలేం’ అన్నది రెండో అభ్యంతరం. నిజమే, అప్పటి రికార్డులకూ ఇప్పటి జ్ఞాపకాలకూ పొంతన తక్కువని 2019లో బాల్డ్విన్ బృందం చూపించింది. కానీ మరుసటి ఏడే డనేసీ, విడోమ్ ఇంకో సంగతి తేల్చారు. కోర్టు రికార్డులో హింస ఉన్నా మనిషి దాన్ని హింసగా చెప్పుకోనిచోట మానసిక రుగ్మతల ముప్పు పెద్దగా పెరగలేదు, చెప్పుకున్నచోట పెరిగింది. అది తిండి రుగ్మతల మీద ప్రత్యేకంగా చేసిన పని కాదు. అయినా మనిషి ఏం మోస్తున్నాడో అడగడం వృథా కాదనడానికి అది చాలు.

‘తల్లిదండ్రులను బోనెక్కిస్తున్నారు’ అనేవారూ ఉన్నారు. కుటుంబమే మూలకారణమనడం తప్పని అకాడమీ ఫర్ ఈటింగ్ డిజార్డర్స్ ప్రకటించింది. జన్యువుల పాత్రను నేనూ ఒప్పుకుంటాను. అలాగని మన ఇళ్ళను అసలే చూడొద్దంటే ఎలా? 2007లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన అధ్యయనం కోసం 13 రాష్ట్రాల్లో, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా, 12,447 మంది పిల్లలను అడిగితే దాదాపు సగం మంది మానసిక హింసకు గురయ్యామన్నారు. గురిచేసినవారిలో ఎక్కువమంది తల్లిదండ్రులే.

నేనిప్పుడు చేస్తున్న పని ఇక్కడే మొదలైంది. బాల్యంలో పడ్డ హింసను తెలుసుకోవడానికి అందరూ వాడే బెర్న్‌స్టీన్ ప్రశ్నావళి ఇంట్లో ఏమని తిట్టారో అడుగుతుంది. ఏ వేళ, ఎవరి ముందు తిట్టారో అడగదు. మన దగ్గర పిల్లలు కదలకుండా దొరికేది కంచం ముందే. ‘తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు’ అనేదీ అక్కడే, అక్కకూ చెల్లికీ ఒళ్ళు పోల్చేదీ అక్కడే. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఆదివారం చూడ్డానికొచ్చిన తల్లిదండ్రులు కేరేజీ విప్పి, ముద్ద నోట్లో ఉండగానే వీక్లీ టెస్టు మార్కులు అడుగుతారు. మింగుడుపడని ఆ ముద్ద గురించి అడిగే తెలుగు ప్రశ్నావళిని తయారుచేస్తున్నాను. ఇక్కడ షుగరు, స్థూలకాయం క్లినిక్కులు నడిపే డాక్టర్లున్నారు. డైట్ చార్టు చేతికిచ్చే ముందు ‘చిన్నప్పుడు మీ ఇంట్లో భోజనాలు ఎలా జరిగేవి?’ అని పేషెంటును అడగండి. ఏం చెప్పారో, వాళ్ళు ఒప్పుకుంటేనే, పేరు లేకుండా రాసి నాకు పంపండి.