అది గ్రాఫిక్స్ కాదు బాస్, నిజం కొండే!

విండోస్ ఎక్స్‌పీ వాల్‌పేపర్ గుర్తుందా? పచ్చటి కొండ, నీలాకాశం, తెల్ల మబ్బులు. మొన్న మా ఫ్రెండ్స్‌ని అడిగితే అందరిదీ ఒకటే మాట: "అది గ్రాఫిక్స్ కదరా!"

కాదు బాస్. 1996లో కాలిఫోర్నియాలోని సోనోమా ప్రాంతంలో చార్లెస్ ఓరియర్ కారు ఆపి, ఫిల్మ్ కెమెరాతో తీసిన ఫొటో అది. అసలు ట్విస్ట్ ఏంటంటే, ఆ కొండ మీద ద్రాక్షతోట ఉండేది. ఫిలాక్సెరా అనే పురుగు పట్టడంతో తీగలన్నీ పీకేశారు. ఖాళీ నేలలో గడ్డి మొలిచింది. అంటే ఒక రైతు నష్టాన్నే మనం ఇన్నేళ్లూ డెస్క్‌టాప్ మీద పెట్టుకుని "అబ్బ, ఎంత బాగుందో" అనుకున్నాం!

తర్వాత అక్కడ మళ్లీ ద్రాక్ష వేశారు. దాంతో ఆ పచ్చిక కనిపించకుండా పోయింది.

ఈ రోజుల్లో ఏ మంచి ఫొటో చూసినా "ఏఐ కదా" అనేస్తున్నాం. అనే ముందు, తీసిందెవరో ఒక్కసారి వెతకండి. ఉంటా మరి, బై!