ఒకే బడి, ఒకే పంక్తి



నేటి మన ప్రసంగమునకు విషయము ఊరి చిన్న బడి. ఇరువది, ముప్పదిమంది పిల్లలు, ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు, రెండు గదులు, ఒక వరండా, ముంగిట ఒక వేపచెట్టు. అట్టి చోట పిల్లలకు "మనమందరము ఒకటి" అను భావము ఎట్లు కలుగును, కలిగినది ఎట్లు నిలుచును అని విచారింపదలచితిమి. ఇది ఏ కొద్ది గ్రామములకో చెందిన విషయము కాదు. 2016-17 నాటి లెక్కలను ఆధారముగా గొని 2020 జాతీయ విద్యావిధానము తెలిపిన ప్రకారము, దేశములోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో సుమారు నూటికి 28 బడులలో 30 మంది కంటె తక్కువ పిల్లలే యుండిరి. ఒకే ఉపాధ్యాయుడున్న బడులు 1,08,017.

పిల్లలు తక్కువ గనుక వారు తమంతట తామే ఒక కుటుంబమువలె మెలగుదురని పెక్కుమంది తలంతురు. మా అభిప్రాయము వేరు. పెద్ద బడిలో ఒక బాలుని నలుగురు దూరముంచినచో వాడు ఐదవవానిని వెదకికొనును. నాలుగు వందలమందిలో వానికి తగిన తోడు ఎక్కడో ఒకచోట దొరకును. చిన్న బడిలో ఆ అవకాశము లేదు. మూడవ తరగతిలో ఉన్నదే నలుగురు. అందులో ముగ్గురు ఒకటైనచో నాలుగవ బిడ్డ సంవత్సరమంతయు ఒంటరియే. పైగా ఊరిలోని గట్టు తగాదాలు, కులపు పట్టింపులు, ఎన్నికల కక్షలు ఆ రెండు గదులలోనికి సరాసరి నడచి వచ్చును. తండ్రులు మాటలాడుకొనని ఇండ్ల పిల్లలు ఒకే చాపమీద కూర్చుండవలసి యుండును. కావున బడి చిన్నదైనంత మాత్రమున ఐకమత్యము రాదు. దానిని దినదినము కట్టుకొనవలసినదే.

ఎట్లు కట్టుకొనవలెనో మన పెద్దలు కుచేలోపాఖ్యానములో సూచించియున్నారు. మన హరికథలలో అటుకుల మూటకు అరగంట దక్కును గాని, కట్టెల మోపునకు అరనిమిషము దక్కుట కష్టము. భాగవత దశమస్కంధములో, తన యింటికి వచ్చిన కుచేలుని ఆదరించి ప్రక్కన కూర్చుండబెట్టుకొని శ్రీకృష్ణుడు గురుకులపు రోజులను జ్ఞాపకము చేయును. సాందీపని ఆశ్రమమున గురుపత్ని ఒకనాడు వారిని కట్టెలకై అడవికి పంపెను. అకాలముగా గాలివాన వచ్చెను. ప్రొద్దు గ్రుంకి చీకట్లు కమ్మెను. నీరు నిండి ఎత్తుపల్లములు తెలియకపోయెను. దారితప్పిన ఆ బాలురు ఒకరి చేయి ఒకరు పట్టుకొని రాత్రియంతయు అడవిలోనే తిరిగిరి. తెల్లవారగనే గురువు వెదకికొనుచు వచ్చెను.

ఇచ్చట వారి చెలిమికి గుర్తుగా నిలిచినది పాఠము కాదు, పని. యాదవ కులమున పుట్టిన బాలునికి, పేద బ్రాహ్మణ బాలునికి ఆశ్రమములో అప్పగించిన పని ఒక్కటే. ఒకడు నీడన కూర్చుండగా మరొకడు మోపు మోసియున్నచో ఆ చీకటిలో చేతులు కలిసెడివి కావు. మరియొక సంగతి కూడ గమనింపదగినది. గురువు ఆశ్రమములో కూర్చుండి వారి రాకకై ఎదురుచూడలేదు, తానే బయలుదేరెను. పిల్లవాడు రెండు దినములు రాకపోయినచో హాజరు పట్టీలో గుర్తు పెట్టుట వేరు. సాయంకాలము వాని యింటి గడప వద్ద నిలిచి "ఏమమ్మా, బాబుకు ఒంట్లో బాగుండలేదా?" అని పలుకరించుట వేరు. ఐదు వందలమందికి ఇది సాధ్యము కాదు. పాతికమందికి సాధ్యము. చిన్న బడికి ఉన్న భాగ్యమెల్ల ఇందులోనే యున్నది.

ఇప్పటి బడిలో కట్టెల మోపు లేదు. దాని స్థానమున మధ్యాహ్న భోజనపు పంక్తి యున్నది. బడిపిల్లలకు తిండి పెట్టు ఆలోచన క్రొత్తది కాదు. 1920లో మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షులుగా నున్న పిట్టి త్యాగరాయ చెట్టిగారు, మన తెలుగువారే, థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో దానిని ఆరంభింపజేసిరి. 1995 ఆగస్టు 15న దేశవ్యాప్తముగా పథకము వచ్చినప్పుడు చాలచోట్ల పిల్లల చేతికి అందినది నెలకు 3 కిలోల ధాన్యము. అది సంచిలో ఇంటికి పోయెను. ఇంటికి ఉపకారమే జరిగినది గాని బడిలో పంక్తి ఏర్పడలేదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమునే పెట్టవలెనని ఆదేశించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003 జనవరిలో బడులలో పొయ్యి వెలిగెను.

అయినను ఒకే కుండలో వండినంత మాత్రమున పంక్తి ఒకటి కాదు. ఎవరు ఎక్కడ కూర్చుండుచున్నారో చూడవలెను. ఇంటినుండి క్యారియరు తెచ్చుకొన్న బిడ్డ వరండా చివర ఒక్కతెయే తినుచున్నదా? ఫలానా ఆమె వండిన అన్నము మా పిల్లలు తినరని కబురు పంపిన యిల్లు ఊరిలో ఉన్నదా? ఉన్నచో ఉపాధ్యాయుడు తెలియనట్లు నటింపరాదు. ఉపన్యాసములతో అది పోవునది కాదు (ఉపన్యాసకులమైన మేమే ఈ మాట చెప్పుచున్నాము). ఆయన తన కంచము తెచ్చుకొని, పిల్లల నడుమ కూర్చుండి, ఆమె వడ్డించిన అన్నమును ప్రతిదినము తినవలెను. ఒక దినము తినిన అది ప్రదర్శన. ఏడాది తినిన అది అలవాటు. తరగతుల వారీగా గాక, పెద్ద పిల్లవాని ప్రక్క చిన్నపిల్లవాడు వచ్చునట్లు కూర్చుండబెట్టవలెను. వడ్డన వంతు ఐదవ తరగతివారిది. ఆ వంతు ఆడపిల్లలకే పడకుండ, అన్ని వాడల పిల్లలకు వచ్చునట్లు చూడవలెను. గ్రుడ్డు తినని బిడ్డను లేపి వేరొకచోట కూర్చుండబెట్ట నక్కరలేదు. ఆ కంచములో గ్రుడ్డు వేయకున్న చాలును.

ఈ చిక్కు మహనీయులు స్థాపించిన బడులలోను వచ్చినది. రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనమున ఐదుగురు విద్యార్థులతో పాఠశాలను ప్రారంభించిరి. చెట్ల నీడన పాఠములు, పాటలు, ప్రకృతి పరిచయము. అంతటి చోటను తొలినాళ్ళలో భోజనమువేళ కులభేదము పాటించుచుండిరి. 1915లో దక్షిణాఫ్రికా నుండి తిరిగివచ్చిన గాంధీజీ అచట కొన్నాళ్ళుండి, వంట, పాత్రలు తోముట, ఆవరణ శుభ్రము చేయుట మొదలగు పనులను ఉపాధ్యాయులు, విద్యార్థులు తామే చేసికొనవలెనని ప్రోత్సహించిరి. మార్చి 10న ఆ ప్రయత్నము మొదలయ్యెను. అది కొద్దికాలమే సాగినది. అయినను ఏటేట మార్చి 10న గాంధీ పుణ్యాహమను పేర వంటవారికి, పారిశుద్ధ్యపు పనివారికి విశ్రాంతి నిచ్చి, వారి పనులను విద్యార్థులు, అధ్యాపకులు చేయుట అచట ఆచారమైనది. ఏడాదికి ఒక్క దినమేనా అని ఆక్షేపించువారు కలరు. పెద్ద గంగాళమును ఒక్కమారు తోమిన చేతికి మిగిలిన దినములలో దానిని తోమువారి కష్టము తెలియదా?

ఇక చదువు సంగతి. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఐదు తరగతులు, ఇద్దరు గురువులు! ఒక తరగతికి చెప్పునప్పుడు తక్కినవారు గోడ వంక చూచుచు కూర్చుందురు. దీనికి మదనపల్లె చేరువనున్న రిషీవ్యాలీ వారు చుట్టుప్రక్కల పల్లెలలో నడపిన ఏకోపాధ్యాయ బడులలో ఒక మార్గము చూపిరి. పాఠములను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, నిచ్చెన మెట్లవలె అమర్చిరి. తాను ఏ మెట్టుమీద ఉన్నదో బిడ్డయే గుర్తించి, తన కార్డు తీసికొనును. ఒక గుంపు గురువుతో, ఒక గుంపు తోటిపిల్లల సాయముతో, మరియొకటి తమంతట తాము నేర్చుకొందురు. ఈ పద్ధతినుండియే కర్ణాటకమున "నలి కలి" ఏర్పడినది, తమిళనాటను ఇది వ్యాపించినది. ఇందు మాకు నచ్చినది ఒక్కటి. అందరును ఒకే గదిలో ఉండుట లోపముగా గాక సాధనముగా మారినది. అయితే పెద్దపిల్లను జీతము లేని పంతులమ్మగా మార్చరాదు. ఆ బిడ్డ చదువును సాగవలెను గదా!

అదే బడులవారు మెట్రిక్ మేళా అను వేడుక జరుపుదురు. పిల్లలు అంగడి పెట్టుదురు, ఊరివారి ఎత్తులు, బరువులు కొలిచి చెప్పుదురు. అక్షరము రాని తాతకు తన బరువెంతో మనుమరాలు చదివి చెప్పిన దినమున ఆ బడి తాతగారిది కూడ అగును.

మదనపల్లె పేరు వచ్చినది గనుక మరియొక మాట. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు అచటి కళాశాలలో విశ్రాంతికై బస చేసినప్పుడు, విద్యార్థులు వారమున కొకమారు కూడి పాడుకొను సభలో జనగణమన గీతమును పాడి వినిపించిరి. దాని ఆంగ్లానువాదమును అచటనే వ్రాసిరి. ప్రధానాచార్యులు జేమ్స్ కజిన్స్ గారి సతీమణి మార్గరెట్ కజిన్స్ దాని స్వరములను లిఖించిరి. వారు కూడినది పాడుటకు. మన బడులలో ఉదయపు ప్రార్థన ఎట్లున్నది? పాట రెండు నిమిషములు, మందలింపులు పది నిమిషములు. ఆలస్యమైనవాడు, గోళ్ళు పెరిగినవాడు, చొక్కా చినిగినవాడు ముందుకు వచ్చి అందరియెదుట నిలువవలెను. చొక్కా చినుగుట వాని దోషమా? అందరు కూడు ఆ ఒక్క గడియ అవమానమునకు వేదిక కాకూడదు.

పిల్లలను గూర్చి ఇంత చెప్పితిమి. ఊరివారి పాలు మిగిలియున్నది. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే యుండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు. కాగితముపై ఇది చక్కని ఏర్పాటు. చాలచోట్ల జరుగునది మాత్రము, పనికి పోవుచున్న తల్లిని దారిలో ఆపి సంతకము చేయించుకొనుటయే. కూలికి పోవువారిని ఉదయము పదకొండు గంటలకు సమావేశమునకు రమ్మనిన ఎట్లు వత్తురు? దీపాలవేళ తరువాత పిలిచిన వత్తురు. ఆలయ మంటపము ఆ వేళ ఖాళీగానే ఉండును.

ఉదయము పసుపు రంగు బస్సు వచ్చి కొందరి పిల్లలను పట్టణపు బడికి కొనిపోవుచున్నది. ఆ తల్లిదండ్రులను మేము నిందింపము. గురువు సరిగా రానిచోట బిడ్డను ఎవరుంచుదురు? అయితే స్థోమత గలవారు తొలగిన తరువాత ఆ బడి తరఫున అడుగువారు ఉండరు. కప్పు కారినను అడుగరు, కుళాయి ఎండినను అడుగరు. క్రమముగా పిల్లలు తగ్గుదురు. తగ్గిరను కారణముచేత ప్రక్క ఊరి బడిలో కలుపుదురు. అప్పుడు బస్సు రుసుము చెల్లింపలేని యింటి ఆరేండ్ల బిడ్డ పుస్తకముల సంచితో రహదారి దాటవలెను. తన బిడ్డ ఎక్కడ చదివినను, ఊరి బడి కప్పును గూర్చి అడుగు బాధ్యత ఊరివాడైన ప్రతివానికి కలదు.

కావున మా మనవి యొకటి. ఏడాదికి ఒక దినము మీ ఊరి బడిలో వండు తల్లులకు విశ్రాంతి నిండు. ఆనాడు ఊరి పెద్దలు, ఉపాధ్యాయులు, బస్సులో పోవు పిల్లల తల్లిదండ్రులు కూడ వచ్చి వండవలెను. అన్నదానమునకు వాడు గంగాళములను, గరిటెలను ఆలయమునుండి తీసికొనవచ్చును. పంక్తిలో మొదట ఆ తల్లులు కూర్చుందురు, వారి ప్రక్కన పిల్లలు. సర్పంచి గారు అన్నము వడ్డింతురు, అర్చకులు పప్పు వడ్డింతురు. తిన్న తరువాత గంగాళములు తోముట ఎవరి వంతో ముందుగానే పేర్లు వ్రాసి బడి తలుపునకు అంటింపుడు.