ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి



ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే వేలూరు ప్రాంతం మాది. నేను బడిపంతులుని. ఎన్నికలు వచ్చాయంటే మా వృత్తివాళ్లకు ఇంకో పని తప్పదు. పోలింగు కేంద్రంలో కూర్చుని వేలికి సిరా గుర్తు పెట్టడం, చీకటి పడ్డాక లెక్కల కాగితాలు నింపి యంత్రాలకు సీళ్లు వేయడం. అలా ఎన్నికలను దగ్గరగా చూసినవాడిగా, ప్రజాప్రతినిధుల మీద డబ్బు పెత్తనం గురించి ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

2019 ఏప్రిల్ 18న వేలూరు లోక్‌సభ స్థానానికి పోలింగు జరగాలి. మాకు శిక్షణ తరగతులు కూడా అయిపోయాయి. రెండు రోజుల ముందు, 16వ తేదీన, ఆ ఎన్నికను రద్దు చేస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. వార్డుల వారీగా కట్టలు కట్టి ఉంచిన నగదు సోదాల్లో 11 కోట్ల రూపాయలకు పైగా దొరకడమే కారణం. డబ్బు పంపిణీ కారణంగా లోక్‌సభ ఎన్నిక రద్దు కావడం దేశంలో అదే మొదటిసారి. చివరికి ఆగస్టు 5న పోలింగు జరిగింది. అంతకు ముందు 2016లో అరవకురిచ్చి, తంజావూరు, 2017లో చెన్నైలోని ఆర్కే నగర్ శాసనసభ స్థానాల్లోనూ ఇదే కారణంతో పోలింగు ఆగింది.

అప్పట్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి 70 లక్షలు. దొరికిన సొమ్ము దానికి పదిహేను రెట్లకు పైనే. దొరకనిది ఎంతో ఎవరికి తెలుసు?

ఆ రోజుల్లో తరగతిలో పిల్లలకు ఒక లెక్క ఇచ్చాను. ఓటుకు 500 రూపాయలు తీసుకుంటే, అయిదేళ్లలో రోజుకు ఎంత పడుతుంది? ఇరవై ఏడు పైసలు. పిల్లలు నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. "పనిలేని రోజు మా అమ్మకు 500 అంటే 500 రూపాయలే సార్" అంది. నాకు జవాబు తోచలేదు. ఓటరును దెప్పడం సులువేనని ఆ రోజు అర్థమైంది. ఆ డబ్బుతో అసలు కొనేది ఏమిటో నేను ఆ పిల్లలకు చెప్పలేకపోయాను.

అది నాకు తెలిసింది తర్వాత. మా వీధిలో మంచినీళ్ల కొళాయి ఎండిపోయి నెల దాటింది. ఒక పెద్దావిడ బిందె చంకన పెట్టుకుని, ఊళ్లోకి వచ్చిన నాయకుడి మనిషి దగ్గరికి వెళ్లింది. "ఏమప్పా, మా నీళ్ల సంగతి చూడరా?" అని అడిగింది. అతను కోప్పడలేదు. నవ్వుతూనే, "మీ వీధి లెక్క ఎన్నికలప్పుడే తీర్చేశాం కదమ్మా" అన్నాడు. ఆవిడ మారుమాట లేకుండా తిరిగి వచ్చింది.

కొన్నది ఓటు కాదండీ, అడిగే హక్కు. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద అంటారు పెద్దలు. ఓటరు చేయి ఒక్కసారి కిందికి వెళితే అయిదేళ్లు పైకి లేవదు.

మరి ఆ నాయకుడికి డబ్బు ఎక్కడిది? పెద్ద సొమ్ము ఇచ్చినవారి ముందు ఆయన చేయి కూడా కిందనే ఉంటుంది. కొళాయి అడిగిన ఆవిడకు నోరు లేకుండా పోయింది. విరాళం ఇచ్చినవారికి మాత్రం తలుపు తెరిచే ఉంటుంది. అందుకే వీధిలో పంచే డబ్బును మాత్రమే చూసి ఊరుకుంటే సరిపోదు, పైనుంచి వచ్చే డబ్బునూ చూడాలి.

2018లో ఎన్నికల బాండ్ల పథకం వచ్చింది. స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీకి ఇవ్వవచ్చు. ఎవరు ఎవరికి ఇచ్చారో ఓటరుకు తెలియదు. కంపెనీలు తమ సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి ఇవ్వకూడదన్న పాత హద్దును అంతకు ముందే, 2017లో, తీసేశారు. మొత్తం 16 వేల కోట్ల రూపాయలకు పైగా బాండ్లు అమ్ముడయ్యాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఈ పథకాన్ని, హద్దు తీసేసిన సవరణను కూడా కొట్టివేసింది. పార్టీలకు డబ్బు ఎవరిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు హక్కని చెప్పింది. తర్వాతి నెలలో ఆ పేర్లు బయటికి వచ్చాయి.

సభ లోపలి సంగతి కూడా వినండి. 1998లో వచ్చిన ఒక తీర్పు ప్రకారం, లంచం తీసుకుని సభలో ఓటు వేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉండేది. తీసుకుని వేయనివాడికి మాత్రం లేదు! ఈ వింతను 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తొలగించింది. లంచం పుచ్చుకోవడంతోనే నేరం పూర్తవుతుందని తేల్చింది.

ఇవి మంచి అడుగులే. ఇంకా మూయవలసిన కంతలు ఉన్నాయి. ఇప్పుడు పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థికి 40 లక్షలు పరిమితి. పార్టీ తన పేరుతో చేసే ఖర్చుకు మాత్రం పరిమితి లేదు. ముందు తలుపుకు గడియ పెట్టి దొడ్డి తలుపు తీసి ఉంచినట్లు కాదా ఇది? పార్టీ ఖర్చుకూ హద్దు పెట్టాలి. ఇరవై వేలకు మించిన విరాళాల వివరాలు పార్టీలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలని చట్టం ఉంది. అవి పోలింగుకు ముందే ఓటరుకు అందాలి. డబ్బులేని మంచి మనిషి పోటీ చేయగలగాలంటే ప్రభుత్వం కొంత సాయం చేయాలని, అదీ నగదుగా కాక వస్తు రూపంలో ఉండాలని 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ సూచించింది. ఆ సూచనను మళ్లీ చర్చకు తేవాలి.

చట్టాలు వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. అభ్యర్థి ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలతో ఇచ్చే ప్రమాణపత్రాన్ని రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డులో పెడతారు. మన పిల్లల చేత దాన్ని చదివించుకుందాం. గతంలో పోటీ చేసినవారైతే అప్పటి పత్రంతో పోల్చి చూద్దాం. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమేనని ఇంట్లో చెప్పుకుందాం. అన్నిటికీ మించి, ఎవరు తీసుకున్నా తీసుకోకపోయినా, అడగడం మానవద్దు. ఆ 500 రూపాయలతో ఏ లెక్కా తీరలేదు. నీళ్లు మన హక్కు.

మా వీధి పెద్దావిడ ఈసారి ఒంటరిగా వెళ్లలేదు. పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లింది. "లెక్క తీరలేదప్పా, ఇప్పుడే మొదలైంది" అంది. కొళాయికి నీళ్లు వచ్చేసరికి మరో పదిహేను రోజులు పట్టింది, నిజమే. కాని ఆ పదిహేను రోజులూ ఆవిడ తల దించుకోలేదు.